ఏడు లేని పట్టిక

"నాలుగువందల ఇరవై స్లైడ్లు. ముప్పై అయిదు రోజులు, రోజుకి పన్నెండు. ఇవన్నీ మీరే లెక్కపెట్టారా?"

"లేదు."

ఆ ఒక్క మాట విచారణలో బయటికి రావడానికి ఆ అమ్మాయికి మూడు నెలలు పట్టింది. ఇన్నాళ్లూ కమిటీ ఏమడిగినా "మాస్టారినే అడగండి" అంటూ నెట్టుకొచ్చింది. కమిటీ మాస్టారినే అడిగింది. ఆయన తన సమాధానం రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చారు.

డిటెక్టివ్ గోడగడియారం వంక చూశాడు. పదకొండూ పది. నాలుగింటికి కమిటీ ఆఖరిసారి కూర్చుంటుంది. ఎవరిని దొంగ అనాలో ఆ పూటే రాసేస్తుంది.

దొంగతనం జరిగిందన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. రెండేళ్ల కిందట ఈ ల్యాబ్ నుంచి ఒక పేపరు పెద్ద జర్నల్లో అచ్చయింది. ఒక కొత్త రకం పంట పుప్పొడి ఎంత ఎండనైనా తట్టుకుంటుందని అందులో తేల్చారు. మొదటి పేరు ఈ అమ్మాయిది, చివరి పేరు ల్యాబ్ నడిపే మాస్టారిది. మూడు నెలల కిందట ఆ జర్నల్ సంపాదకులకి సంతకం లేని ఉత్తరం ఒకటి వెళ్లింది. 'రెండో పట్టికలో అంకెలు ఈ ప్రయోగానివి కావు. పాత నోటుపుస్తకం చూసి ఎత్తి రాసినవి' అని అందులో రెండే వాక్యాలు. సంపాదకులు ల్యాబ్‌లో రాసుకున్న అసలు లెక్కలు పంపమన్నారు. ఎవరూ పంపలేకపోయారు. పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటన కూడా తయారైంది. అందులో కారణం రాసే చోట మాత్రం ఖాళీ వదిలారు.

'పట్టిక ఆమే తెచ్చింది, నేను నమ్మి సంతకం పెట్టాను' అన్నది మాస్టారి వాంగ్మూలం. కమిటీ దాన్ని ఒప్పుకుంటే ఈ అమ్మాయి డాక్టరేట్ పోతుంది. ఏడాది కిందట వచ్చిన లెక్చరర్ ఉద్యోగం దాని వెంటే పోతుంది. ఆ తర్వాత ఏ ల్యాబ్ గుమ్మమూ ఎక్కనివ్వరు.

"లెక్కపెట్టకపోతే ఎక్కణ్నుంచి వచ్చాయి?"

"మొదటి పట్టిక నాదేనండీ. ఒక్కో స్లైడూ నేనే చూశాను. రెండోదానికి పూత వచ్చే వేళకి నాకు ఎనిమిదో నెల. డాక్టరు మంచం దిగొద్దంది. సీజన్ పోయింది, ఇంకో ఏడాది ఆగాలి, స్కాలర్‌షిప్ అందాకా ఆగదు. ఏడుస్తూ కూర్చున్నాను. పాప పుట్టిన పదో రోజున మాస్టారు ఇంటికొచ్చారు. 'నీ సీజన్ ఎక్కడికీ పోలేదమ్మా, నీ బదులు నేను లెక్కపెట్టి ఉంచాను' అని పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. మా అత్తయ్య ఆయనకి రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది."

"మీరు ఏమీ అడగలేదా?"

"ఏమని అడగనండీ? దేవుడొచ్చి వరమిస్తే రసీదు రాయించుకుంటామా?"

మాస్టారి వరాల సంగతి డిటెక్టివ్‌కి కొత్త కాదు. అతనూ ఈ ల్యాబ్‌లో మూడేళ్లు పనిచేసినవాడే. పన్నెండేళ్ల కిందట నడిమధ్యలో మానేసి వెళ్లిపోయాడు. ఎందుకు మానేశాడో అతనికీ మాస్టారికీ తప్ప మూడో మనిషికి తెలియదు. దొంగ కాగితాలు పట్టుకునే ఈ వృత్తిలో నిలదొక్కుకునేదాకా, నెలకోసారైనా ఫోన్ చేసి "భోంచేశావా నాన్నా" అని అడిగింది ఆ మాస్టారొక్కరే. అందుకే వారం కిందట ఆయన పిలవగానే చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పడేసి వచ్చాడు. "ఆ ఉత్తరం రాసిందెవరో పట్టుకో నాన్నా, తక్కినది నేను చూసుకుంటాను" అన్నారాయన.

"పట్టికలో తేదీలున్నాయి," అన్నాడు. "ఆ ముప్పై అయిదు రోజుల్లో పన్నెండు రోజులు మాస్టారు దేశంలోనే లేరు. విమానం టికెట్లు కమిటీకి ఇచ్చారు. తను లేరు కాబట్టి మీరే రాశారంటున్నారు."

"ఆ పన్నెండు రోజులూ నేను ఆస్పత్రిలో ఉన్నాను. దానికీ కాగితాలున్నాయి."

"అంటే మీరిద్దరూ లేనప్పుడు పుప్పొడి తనని తనే లెక్కపెట్టుకుందన్నమాట."

ఆ అమ్మాయి నవ్వలేదు. "నాది కానిదాన్ని నాదని పేరు పెట్టుకున్నాను. ఆ తప్పు నాదే, దానికి ఏ శిక్ష వేసినా పడతాను. కానీ దొంగిలించలేదండీ. నాకు మూడేళ్ల కూతురుంది. రేపు దానికి నేను దొంగనని ఎవరో చెప్పడం నాకు ఇష్టం లేదు."

లేచి వెళుతూ ఆమె అతని కుడిచేతి వంక వింతగా చూసింది. ఆలోచనలో పడితే అతని బొటనవేలు గాలిలో దేన్నో నొక్కుతున్నట్టు టిక్కుటిక్కుమని ఆడుతుంది. చాలామంది దాన్ని నరాల జబ్బు అనుకుంటారు. అతను కాదనడు.

* * *

అంకెలు కల్పించినవాణ్ని పట్టుకోవాలంటే చివరి అంకె చూడాలి. మొదటి అంకెల్ని మనిషి జాగ్రత్తగా పేరుస్తాడు. చివరి అంకె దగ్గరికొచ్చేసరికి చెయ్యి తన ఇష్టమొచ్చినట్టు పోతుంది. నిజంగా లెక్కపెట్టిన అంకెల్లో సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ ఇంచుమించు సమానంగా పడతాయి.

లైబ్రరీలో మూల బల్ల దగ్గర కూర్చుని డిటెక్టివ్ మొదటి పట్టిక తీశాడు. నాలుగువందల ఇరవై అంకెలు. తెల్లకాగితం మీద పది గళ్లు గీసుకుని ఒక్కొక్కటే గీత పెడుతూ పోయాడు. సున్నాలు నలభై మూడు, ఒకట్లు నలభై, ఏడులు నలభై ఒకటి. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అవి మనిషి కూర్చుని లెక్కపెట్టిన అంకెలే.

తర్వాత రెండో పట్టిక. సగం దాకా వచ్చాక ఏదో తేడా కొట్టింది. పూర్తయ్యేసరికి పన్నెండూ ముప్పై అయిదు. తొమ్మిది గళ్లలో నలభై అయిదుకి అటూ ఇటూగా గీతలు నిండాయి. ఏడు అంకె గడిలో ఒక్కటంటే ఒక్క గీత లేదు.

నాలుగువందల ఇరవై స్లైడ్లలో ఒక్క లెక్కయినా ఏడుతో ముగియలేదు. నూటయాభై ఆరు తర్వాత నూటయాభై ఎనిమిదే. రెండువందల ఆరు తర్వాత రెండువందల ఎనిమిదే. మధ్యలో ఏడు అనేది పుట్టనే లేదు.

అంతలో ఫోన్ మోగింది. మాస్టారు.

"ఎక్కడున్నావు నాన్నా? భోంచేశావా?"

"ఇంకా లేదు మాస్టారూ. రెండో పట్టికలో ఒక విచిత్రం..."

"పట్టిక సంగతి కమిటీ చూసుకుంటుందిలే. ఉత్తరం ఎవరు రాశారో తేలిందా?"

"ఇంకా లేదు."

"అది చూడు ముందు. ల్యాబ్‌లో నా మీద కడుపుమంట ఉన్నవాళ్లెవరో తెలిస్తే నాకు చాలు."

ఫోన్ పెట్టేసి డిటెక్టివ్ గళ్ల కాగితం మడిచాడు. వారంలో ఇది నాలుగో ఫోన్. నాలుగుసార్లూ ఆయన ఉత్తరం గురించే అడిగారు. పట్టిక ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. వేరే ఎవరైనా అయితే డిటెక్టివ్ ఈపాటికి చెవులు రిక్కించేవాడు. మాస్టారు కాబట్టి, పెద్దవయసులో పరువు పోతుందన్న దిగులని సర్దిచెప్పుకున్నాడు.

* * *

ఒంటిగంటా యాభైకి స్టోరు గది ముందుకి వెళ్లేసరికి అక్కడ సీలాయన ఉన్నాడు.

విజిలెన్స్ అధికారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎక్కడ అడుగుపెట్టినా ముందు తాళం వేసి, లక్క కరిగించి, సీలు గుద్దందే ఆయనకి మనసు కుదుటపడదు. పోయిన ఏడాది ఒక దొంగ సర్టిఫికెట్ల కేసులో ఆయన సీలు వేసిన గదిలోనే అసలు దొంగ కూడా ఉండిపోయాడని తేల్చింది డిటెక్టివే. ఆ మాట పేపర్లకెక్కింది. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"రండి రండి," అన్నాడు సీలాయన కొవ్వొత్తి వెలిగిస్తూ. "రెండింటికి ఈ గది మూతపడుతుంది. మీకేం కావాలన్నా కేసు ముగిశాక దరఖాస్తు పెట్టుకోండి."

"కేసు ముగిశాక నాకు దీంతో పనేముంది? పావుగంట లోపలికి పోనివ్వండి."

"ఎందుకో?"

డిటెక్టివ్ గళ్ల కాగితం చూపించాడు. సీలాయన కళ్లజోడు పైకి నెట్టి చూశాడు, పెదవి విరిచాడు.

"ఇదా మీ ఘనకార్యం? కల్పించి రాసేవాళ్లు ఏదో ఒక అంకెని వదిలేస్తారు. ఆ పిల్లకి ఏడు అచ్చిరాదేమో. నా కేసు ఇంకా గట్టిపడింది, సంతోషం."

"ఎవరినైనా ఒక అంకె తలుచుకోమనండి. పదిమందిలో నలుగురు ఏడే అంటారు. కల్పించి రాస్తే ఏడులు ఎక్కువవుతాయి, మాయం కావు. పైగా మనిషన్నాక ఎక్కడో ఓ చోట చెయ్యి జారుతుంది. నాలుగువందల ఇరవైలో ఒక్కసారీ జారలేదంటే అది మనిషి పని కాదు."

"మరి దయ్యం పనా?"

"పనిముట్టు పని. ఆ పనిముట్టు ఈ గదిలో ఉండొచ్చు."

సీలాయన కొవ్వొత్తి ఆర్పలేదు గానీ కొంచెం కిందికి దించాడు. "ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఈ స్టోరుకి సీలు వెయ్యమని నన్నడిగిందెవరో తెలుసా? మీ మాస్టారే. పొద్దున్నే ఫోన్ చేసి, సాక్ష్యాలు చెదిరిపోకూడదన్నారు."

"జాగ్రత్త మనిషి."

"సరే, జాగ్రత్త మనిషే. ఊళ్లో ఇంతమంది డిటెక్టివులుండగా నిన్నే ఎందుకు పిలిచాడయ్యా?" సీలాయన 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగిపోయాడు. "ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. తప్పు చేసినవాడు తెలివైనవాణ్ని పిలవడు. తన మాట కాదనలేనివాణ్ని పిలుస్తాడు."

డిటెక్టివ్ చెవులు వేడెక్కాయి. "ఆ మనిషి నాకు ఎలాంటి సాయం చేశాడో మీకు తెలియదు. తెలియని సంగతుల మీద సీలు వెయ్యకండి."

"పావుగంట," అన్నాడు సీలాయన గడియారం చూసుకుంటూ. "రెండూ అయిదుకి లక్క పోస్తాను. లోపల నువ్వున్నా సరే."

* * *

స్టోరు గదికి కిటికీ లేదు. నాలుగు వైపులా ఇనుప బీరువాలు, మధ్యలో ఒక బల్ల, బల్ల వెనక స్టోరమ్మ. ఇరవై ఆరేళ్లుగా ఆ కుర్చీ ఆమెదే. గుండుసూది ఇచ్చినా సంతకం పెట్టించుకునే మనిషి. డిటెక్టివ్‌ని చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఎన్నేళ్లయింది బాబూ నిన్ను చూసి."

"చేతి కౌంటర్లు ఎక్కడ పెడతారమ్మా?"

ఆమె గుడ్లప్పగించి ఒక్క క్షణం చూసింది. తర్వాత ఏమీ అడక్కుండా మూడో బీరువా తెరిచి చెక్క ట్రే బల్ల మీద పెట్టింది.

పుప్పొడి లెక్కపెట్టేవాళ్లకి ఆ కౌంటరే ప్రాణం. గుప్పిట్లో పట్టే లోహపు డబ్బీ, పైన ఒక మీట, ముందు చిన్న కిటికీలో అంకెలు. కన్ను మైక్రోస్కోపు మీదే ఉండాలి. పక్కకి తిప్పితే ఏ రేణువు లెక్కలోకొచ్చిందో, ఏది రాలేదో మర్చిపోతారు. అందుకని ఒక్కో రేణువుకీ బొటనవేలితో ఒక్కోసారి నొక్కుతూ పోతారు. స్లైడు మొత్తం అయ్యాకే తలెత్తి అంకె చూసి రాసుకుంటారు. మధ్యలో ఆ కిటికీలో ఏం జరుగుతోందో ఎవరూ చూడరు.

ట్రేలో ఎనిమిది కౌంటర్లున్నాయి, ఒక్కోదాని వెనక రంగుతో నంబరు. డిటెక్టివ్ ఒకటోది తీసి సున్నాకి తిప్పి పదిసార్లు నొక్కాడు. పది. రెండోది, పది. మూడోది, పది.

నాలుగోదానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. చీటీ చదవకుండా ముందు నొక్కాడు. నాలుగు. అయిదు. ఆరు.

ఎనిమిది.

మళ్లీ సున్నాకి తిప్పాడు. ఆరు తర్వాత మళ్లీ ఎనిమిదే. లోపల పళ్లచక్రంలో ఒక పన్ను అరిగిపోయి, ఆరు దగ్గరికి రాగానే చక్రం ఒకేసారి రెండు గళ్లు జారుతోంది. తొమ్మిది రేణువులు లెక్కపెడితే పది చూపిస్తుంది. తొంభై లెక్కపెడితే నూరు.

తొమ్మిదికి పది. ఈ లెక్క అతను ఇంతకుముందు విన్నాడు.

"ఇది పారెయ్యకుండా ఎందుకుంచారమ్మా?"

"ఆడిటు వాళ్లొచ్చి లెక్కల్లోంచి కొట్టెయ్యమని రాస్తేగానీ పనికిరానిదైనా స్టోర్లోంచి కదలకూడదు బాబూ. వాళ్లు వచ్చినప్పుడల్లా కుర్చీలు లెక్కపెట్టుకుని పోతారు. పన్నెండేళ్ల నుంచీ ఇలాగే పడి ఉంది."

అప్పుడు చీటీ విప్పాడు. 'ఆరు తర్వాత ఎనిమిదికి దూకుతోంది. వాడకంలోంచి తీసివేయవలెను.' కింద జులై మూడు, పన్నెండేళ్ల కిందటి సంవత్సరం. ఆ కింద సంతకం. ఆ సంతకాన్ని అతను ఎక్కడ చూసినా పోల్చుకోగలడు. చివర్లో కిందికి లాగి పైకి తిప్పిన గీతతో సహా.

"దీన్ని తిరిగి ఇచ్చినప్పుడు నేనే వందసార్లు నొక్కి చూశాను," అంది స్టోరమ్మ నెమ్మదిగా. "అది నా అలవాటు. లోపముందని మాస్టారి దగ్గరికి తీసుకెళితే చీటీ ఆయనే రాసి కట్టారు."

"తిరిగి ఇచ్చిందెవరు?"

ఆమె పాత రిజిస్టరు తీసి, పేజీ వెతకాల్సిన అవసరం లేకుండా తెరిచి అతని వైపు తిప్పింది. నాలుగో నంబరు కౌంటరు, తీసుకున్నది మార్చి పది, తిరిగి ఇచ్చింది జులై ఒకటి. తీసుకున్నవారి గడిలో ఉన్న సంతకం అతనిదే.

ఆ జులై పందొమ్మిదో తారీఖు సాయంత్రం అతనికి బాగా గుర్తుంది. మర్చిపోతేగా. మాస్టారు తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. నీ స్లైడ్లు పది నేను మళ్లీ లెక్కపెట్టాను నాన్నా, అన్నారు. నువ్వు పది రాసినచోటల్లా నాకు తొమ్మిదే వచ్చింది. అంకెలు పెంచి రాశావు. అతను కాదన్నాడు, ఏడ్చాడు, చివరికి తన మీద తనకే నమ్మకం పోయి ఊరుకున్నాడు. మాస్టారు భుజం మీద చెయ్యి వేశారు. ఎవరికీ చెప్పను, ఈ లెక్కల పుస్తకం నేనే చించేస్తాను, నువ్వు మర్యాదగా మానేసి వెళ్లిపో అన్నారు.

ఆ చెయ్యి బరువు పన్నెండేళ్లు మోశాడు. ఆయన నోరు విప్పనందుకు కృతజ్ఞతగా ఏటా ఆయన పుట్టినరోజుకి ఫోన్ చేశాడు. తనలో ఏదో వంకర ఉందని, అందుకే కన్నూ వేలూ తనకి తెలియకుండానే మోసం చేశాయని నమ్మాడు. చక్రంలో పన్ను అరిగిందని ఆయనకి అంతకు పదహారు రోజుల ముందే తెలుసు.

"నా పుస్తకం చించేస్తానన్నారు," అన్నాడు.

స్టోరమ్మ తల అడ్డంగా ఊపి ఇంకో పేజీ తిప్పింది. జులై ఇరవై, నోటుపుస్తకం ఒకటి, స్టోర్లో జమ. పక్క గడిలో, మూడేళ్ల కిందటి తేదీతో, బయటికి తీసుకున్నవారు: మాస్టారి సంతకం. తిరిగి ఇచ్చిన తేదీ గడి ఖాళీ. ఆ అమ్మాయికి పాప పుట్టిన నెల అది.

"అప్పట్లో నీ లెక్కలతో ఆయన ఒక రిపోర్టు పంపేశారు బాబూ. కౌంటరు పాడని ఒప్పుకుంటే అది వెనక్కి తీసుకోవాలి. నువ్వు ఇక్కడే ఉంటే థీసిస్ కోసం మళ్లీ లెక్కపెడతావు, తేడా బయటపడుతుంది. నాకు మాత్రం ఇంటి ఇబ్బందుల వల్ల మానేశావని చెప్పారు. అసలు సంగతి ఇప్పుడిప్పుడే నాకూ అర్థమవుతోంది." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఈ పుస్తకం తిరిగిమ్మని ఏడాదిగా అడుగుతున్నాను. చెదలు పట్టింది, కొట్టెయ్యి అన్నారు. అంతలో ఆ పిల్ల వచ్చి ఇక్కడే కూర్చుని ఏడ్చింది, ఆ లెక్కలు తనవి కావని."

"ఉత్తరం మీరే రాశారా?"

"సంతకం పెట్టే ధైర్యం చాల్లేదు. ఇరవై ఆరేళ్లు అందరి చేతా సంతకాలు పెట్టించాను, నాది పెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు."

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. "రెండూ అయిదు," అన్నాడు సీలాయన బయట్నుంచి.

డిటెక్టివ్ దారం విప్పి చీటీ జేబులో పెట్టుకున్నాడు. కౌంటరూ రిజిస్టరూ చేతిలోకి తీసుకున్నాడు. స్టోరమ్మ అలవాటు కొద్దీ ఇంకో రిజిస్టరు ముందుకి జరిపింది. అతను సంతకం పెట్టాడు.

గుమ్మంలో సీలాయన అతని మొహం చూసి లక్క గిన్నె పక్కన పెట్టేశాడు.

"మీరన్నది నిజం," అన్నాడు డిటెక్టివ్. "కాదనలేనివాణ్నే పిలిచాడు. ఎవరు తవ్వినా నేను మాత్రం ఆయన్ని తవ్వనని తెలుసు."

"ఇప్పుడేం చేస్తావు?"

"నాలుగింటికి మీ పక్కన నాకో కుర్చీ వెయ్యండి."

* * *

మూడూ యాభై ఎనిమిది. కమిటీ గదిలో పొడవాటి బల్లకి ఒకవైపు ముగ్గురు సభ్యులు, చివర సీలాయన, గోడవారన తల వంచుకుని ఆ అమ్మాయి. మాస్టారు ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కాలో తీరిగ్గా కూర్చున్నారు. డిటెక్టివ్‌ని చూడగానే ఆయన మొహం విప్పారింది.

"రా నాన్నా. ఉత్తరం సంగతి తేలిందా?"

"తేలింది మాస్టారూ. చెప్పేముందు మీతో చిన్న పనుంది."

ఎదురుగా కూర్చుని డిటెక్టివ్ గుప్పిట తెరిచాడు. నంబరు ఉన్న వైపు కిందికి తిప్పి కౌంటర్ని ఆయన ముందు పెట్టాడు. కిటికీలో సున్నాలున్నాయి.

"ఇక్కడున్నవాళ్లలో పుప్పొడి లెక్కపెట్టడం తెలియనివాళ్లున్నారు. పైకి లెక్కపెడుతూ పదిసార్లు నొక్కి చూపిస్తారా? మీకంటే బాగా చూపించేవాళ్లు లేరు."

మాస్టారు సభ్యుల వైపు చిరునవ్వుతో చూసి కౌంటర్ అందుకున్నారు. నలభై ఏళ్ల అలవాటు, బొటనవేలు మీట మీద చక్కగా అమరింది.

"ఒకటి. రెండు. మూడు."

డిటెక్టివ్ ఆయన కళ్లలోకే చూస్తున్నాడు. లోపల ఎక్కడో, ఆ వేలు ఆగకూడదని ఇంకా కోరుకుంటూనే ఉన్నాడు. పది దాకా నొక్కెయ్యండి మాస్టారూ. ఏమీ తెలియనట్టు నొక్కి, ఇదేమిటి పదకొండు చూపిస్తోందని ఆశ్చర్యపోండి. చీటీ మీద సంతకం మర్చిపోయారని నన్ను నేను నమ్మించుకుంటాను.

"నాలుగు. అయిదు." ఆయన గొంతు నెమ్మదించింది. "ఆరు."

బొటనవేలు ఆగిపోయింది.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక సభ్యురాలు "ఊఁ, కానివ్వండి" అంది. వేలు కదల్లేదు. ఆయన కౌంటర్ని వెనక్కి తిప్పి చూడనుకూడా లేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

"ఆగారేం?" అన్నాడు సీలాయన ముందుకి వంగి.

"దీంట్లో లోపముందని నేనింకా ఎవరికీ చెప్పలేదు," అన్నాడు డిటెక్టివ్. "ఎక్కడ ఆగాలో మీకు ఎవరు చెప్పారు మాస్టారూ?"

చెయ్యి చాచి, ఆయన వేలి మీదుగానే మీట నొక్కాడు. కిటికీలో ఎనిమిది పడింది. కౌంటర్ని సభ్యుల వైపు తిప్పి పెట్టాడు. దాని పక్కన చీటీ, చీటీ పక్కన ఏడు అంకె గడి ఖాళీగా ఉన్న కాగితం. గోడవారన ఆ అమ్మాయి తలెత్తింది.

మాస్టారు చీటీ మీది తన సంతకం వంక చూశారు. తర్వాత బల్ల మీదికి వంగి, అతనికి మాత్రమే వినిపించేలా మాట్లాడారు. గొంతులో ఇంకా అదే మెత్తదనం.

"ఆలోచించుకో నాన్నా. నేను ఎత్తి రాశానని చెబితే ఎవరి పుస్తకంలోంచి అని అడుగుతారు. పదోవంతు పెంచిన లెక్కలు ఎవరివో చెప్పాలి. కౌంటరు పాడని చీటీ చెబుతుంది, నిజమే. కానీ జనం చీటీలు చదవరు. నీ దగ్గరికి కేసులు తెచ్చేవాళ్లకి ఒక్కటే గుర్తుంటుంది. పన్నెండేళ్లు నీ పరువు నేనే కాపాడాను."

ఆ చివరి మాట నిన్న విని ఉంటే అతను కరిగిపోయేవాడు. ఇవాళ కరగలేదు. కాపాడింది నిజమే, దోచుకున్నదాన్ని దొంగ కాపాడుకున్నట్టే కాపాడాడు.

డిటెక్టివ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"రాసుకోండి," అన్నాడు సీలాయనతో, గది మొత్తానికీ వినపడేలా. "రెండో పట్టికలో అంకెలు ఆ అమ్మాయి దొంగిలించలేదు. వాటిలో పదోవంతు అబద్ధం. వాటిని లెక్కపెట్టిన మనిషి ఎవరో నాకు తెలుసు."

సీలాయన కలం తీశాడు. "పేరు?"

డిటెక్టివ్ రిజిస్టరు తెరిచి ఆయన ముందుకి తిప్పాడు. పన్నెండేళ్ల కిందటి తన సంతకం మీద బొటనవేలు పెట్టాడు. అది కదలకుండా అక్కడే నిలిచింది.